పులిని కాపాడాలంటే ముందు ఊళ్లో అరుగు మీద కూర్చోవాలి

"అక్కా, నాకు పులులంటే ప్రాణం, ఏం కోర్సు చెయ్యాలి?" అని నెలకి పది మందైనా అడుగుతుంటారు. అడిగేవాళ్లలో సగం ఇంటర్ పిల్లలు, కొందరు ఐటీలో రెండేళ్లు చేసి విసిగిపోయినవాళ్లు, ఒకరిద్దరు మాత్రం "మా అమ్మాయి వినట్లేదండీ, ఇందులో అసలు జీతం వస్తుందా" అని భయం భయంగా అడిగే తల్లులు. ఒక్కొక్కరికీ విడిగా రాసీ రాసీ ఓపిక అయిపోయింది కాబట్టి ఈసారి నాకు తెలిసిందంతా ఒకచోట పెడుతున్నా. కోర్సుల పేర్లు, పరీక్షల సంగతి మాత్రమే కావాలంటే కొంచెం కిందికి వెళ్లిపోండి, తప్పేం లేదు. కానీ పన్నెండేళ్లుగా ఈ వన్యప్రాణి సంరక్షణ పనిలో ఉండి చూసిందేంటంటే, పెద్ద కోర్సు చేసి వచ్చినవాళ్లలో చాలామంది మూడేళ్లకే వెళ్లిపోయారు. ఇప్పటికీ ఉన్నవాళ్లందరిలో నాకు కనిపించిన పోలిక ఒక్కటే, పల్లెలో ఎవరో ఒకాయన "మీకు మనుషుల కన్నా జంతువులే ఎక్కువా" అని తిడుతుంటే లేచి రాకుండా చివరిదాకా కూర్చుని వినగలరు.

ఇంకో మాట ముందే చెప్పేస్తా. నేను పనిలో చేరిన మొదటి ఏడాది నల్లమలలో పులిని చూసింది సున్నా సార్లు. పులి పెంట చూశా, చెట్టు మీద గోళ్ల గీతలు చూశా, ఒకసారి రాత్రి అరుపు విని నిద్ర మానేశా, అంతే. మిగతా రోజులన్నీ దుప్పి పెంటికలు లెక్కపెట్టడం, పర్మిషన్ లెటర్ కోసం ఆఫీసు బయట బెంచీ మీద కూర్చోవడం, జీపు పంక్చర్లు, ఎక్సెల్ షీట్లు. ఇది విన్నాక కూడా మీ ఉత్సాహం చావకపోతే మిగతాది చదవండి.

కొత్తదారి వేసినవాళ్లు ఏం చేశారో చూద్దాం

అస్సాంలో పూర్ణిమా దేవి బర్మన్ అని ఒకావిడ ఉన్నారు. ఆవిడ పని చేసింది పులి మీద కాదు, ఏనుగు మీద కాదు, హర్గిలా అనే ఒక కొంగ మీద. ఐదడుగుల ఎత్తు, బోడి తల, మెడ కింద వేలాడే సంచీ, చెత్తకుప్పల్లో కుళ్లిన మాంసం తింటుంది. హర్గిలా అంటేనే ఎముకలు మింగేది అని అర్థం. ఊళ్లో పెరటి చెట్ల మీద గూడు కడుతుంది, కింద వాకిట్లో రెట్టలు, కుళ్లు ముక్కలు, భరించలేని కంపు. అపశకునం అని కూడా అనుకునేవాళ్లు. చెప్పండి, మీ పెరట్లో అయితే మీరేం చేస్తారు?

2007లో కామరూప్ జిల్లాలో దాదరా అనే ఊళ్లో ఒకాయన తన పెరట్లో చెట్టు కొట్టేశాడు. గూళ్లలో ఉన్న తొమ్మిది పిల్లలు నేల మీద పడ్డాయి. అప్పటికి పూర్ణిమ పీహెచ్‌డీ చేస్తున్నారు, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, కవలలు. ఆవిడ వెళ్లి అడిగితే ఊరంతా ఎగతాళి చేసింది, అంత ప్రేముంటే నువ్వే వచ్చి మా వాకిలి ఊడ్చు అన్నట్టు మాట్లాడారు. ఇక్కడే ఆవిడ చేసిన పని చూడండి. కేసు పెట్టలేదు, కొంగల గొప్పతనం మీద ఉపన్యాసం ఇవ్వలేదు. పీహెచ్‌డీని పక్కన పెట్టేసి, ఆ ఊళ్లోనే తిరగడం మొదలుపెట్టారు. ఆ పీహెచ్‌డీ ఎప్పుడు పూర్తయిందో తెలుసా, 2019లో!

ఆడవాళ్లని కూడగట్టడానికి ఆవిడ పెట్టింది వంటల పోటీలు. గర్భిణికి మనం సీమంతం చేసినట్టే, గూళ్లు కట్టే కాలంలో హర్గిలాకి కూడా సీమంతం వేడుక చేయించారు. మగ్గం మీద నేసే ఆడవాళ్లకి నూలు, మగ్గాలు ఏర్పాటు చేసి చీరల మీద, కండువాల మీద హర్గిలా బొమ్మ నేయించారు, అవి అమ్ముడుపోయాయి, ఇంట్లోకి డబ్బు వచ్చింది. కొంగ కంపు తగ్గలేదు కానీ కొంగ మీద కోపం తగ్గింది. హర్గిలా ఆర్మీ అని పేరుపడ్డ ఆ ఆడవాళ్లు ఇప్పుడు పది వేల మందికి పైనే. దాదరా, పచారియా, సింగిమారి ఊళ్లలో 28 ఉన్న గూళ్లు 250 దాటాయి. 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం చాంపియన్స్ ఆఫ్ ద ఎర్త్ ఇచ్చింది, విట్లీ అవార్డు 2017లో ఒకసారి, గోల్డ్ అవార్డు 2024లో ఇంకోసారి వచ్చాయి. నాకు వాటన్నిటికన్నా పెద్దగా అనిపించేది 2023లో ఐయూసీఎన్ (ఏ జాతికి ఎంత ముప్పుందో ఎర్రజాబితా వేసే అంతర్జాతీయ సంస్థ) ఆ పక్షిని అంతరించే ప్రమాదంలో ఉన్న జాబితా నుంచి ఒక మెట్టు దాటించి, ముప్పు దరిదాపుల్లో ఉన్నవాటి జాబితాలోకి మార్చడం. ఒక జాతి ఎర్రజాబితాలో మంచివైపు కదలడం మా పనిలో ఎంత అరుదో బయటివాళ్లకి చెప్తే అర్థం కాదు.

మన దగ్గరి కథ కూడా ఒకటి ఉంది, దాన్ని మనవాళ్లు తక్కువగా చెప్పుకుంటారు. కలివికోడి అనే పక్షిది. దాన్ని 1848లో జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు లోకానికి తెలిపాడు, 1900లో చివరిసారి కనిపించింది, ఆ తర్వాత మాయం. పండితులంతా ఇక లేదనే అనుకున్నారు. 1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే కుర్రాడు కడప వైపు వచ్చి, పక్షి బొమ్మ వేసిన కాగితాలు ఊళ్లలో పంచుతూ, పిట్టలు పట్టేవాళ్లతో మాట్లాడుతూ తిరిగాడు. వాళ్లలో కొందరు అది మాకు తెలుసు, రాత్రిపూట తిరుగుతుంది అన్నారు. 1986 జనవరిలో ఐతన్న అనే వేటగాడు రెడ్డిపల్లి దగ్గర రాత్రి టార్చి వెలుగులో దాన్ని చేత్తో పట్టుకొచ్చాడు. కబురు అందగానే పక్షి శాస్త్రవేత్త సలీం అలీ అంతటి పెద్దాయన పరుగున వచ్చాడు. పక్షి మాత్రం బతకలేదు. ఎనభై ఆరేళ్ల పాటు కనబడని పక్షి దొరకడానికి నాకు కనిపించే కారణం ఒక్కటే, అది రాత్రి తిరిగే పక్షి అన్న సంగతి పిట్టలు పట్టేవాళ్లకి తెలుసు, వాళ్లని కూర్చోబెట్టి అడిగారు.

ఆ తర్వాతి భాగం ఇంకా ముఖ్యం. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం దాని కోసమే వచ్చింది. జగన్నాథన్ అనే పరిశోధకుడు పొదల మధ్య మెత్తని మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే వాటి మీద పడ్డ అడుగుల్ని చూసి పక్షి ఎక్కడెక్కడ తిరుగుతుందో లెక్క తీశాడు, కెమెరాలు పెట్టాడు. తెలుగుగంగ కాలువ ఆ పొదల్లోంచి వెళ్లబోతుంటే, ఆ లెక్కలే ఆధారంగా కాలువ దారి మార్చారు. ఊరికే గొడవ చేస్తే కాలువ మారేది కాదు. చేతిలో మ్యాపు, అడుగుల లెక్క ఉన్నాయి కాబట్టి మారింది. మీరు స్టాటిస్టిక్స్ క్లాసు ఎగ్గొట్టాలనుకున్నప్పుడల్లా ఈ కాలువని గుర్తుచేసుకోండి.

ఓడిన కథ కూడా చెప్పకపోతే అన్యాయం. కర్నూలు దగ్గర రోళ్లపాడు, బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యం చేశారు. బోర్డులున్నాయి, కంచె ఉంది. బట్టమేక పక్షి లేదు. రక్షణ వల్ల కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల చేలల్లో పడితే, రైతులకి ఆ అభయారణ్యం పేరంటేనే మంట పుట్టింది. కాగితం మీద గీత గీయడం ఒక పని, గీత బయట ఉన్నవాళ్లతో కలిసి బతకడం ఇంకో పని. మొదటిదానికి జీవో చాలు.

ఈ వారమే మొదలుపెట్టగలిగే పనులు

డిగ్రీ అయ్యేదాకా ఆగక్కర్లేదు. మీ ఊరి చెరువు చాలు. ఒక నోటుబుక్కు, రెండు మూడు వేలకి వచ్చే మామూలు బైనాక్యులర్, ఫోన్‌లో ఈబర్డ్ యాప్, అది ఉచితం. వారానికి రెండు రోజులు, అదే చెరువు, అదే టైము, పావుగంట నిలబడి ఏ పక్షులు ఎన్ని ఉన్నాయో రాయండి. మొదటి నెల అన్నీ కొంగల్లాగే కనిపిస్తాయి, కంగారుపడకండి. ఏడాది తిరిగేసరికి మీ దగ్గర వంద లిస్టులుంటాయి, ఆ చెరువు గురించి అంత లెక్క మీ జిల్లాలో ఇంకెవరి దగ్గరా ఉండకపోవచ్చు. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన, ఫిబ్రవరిలో నాలుగు రోజుల బర్డ్ కౌంట్ జరుగుతాయి, వాటిలో కలవండి. అక్కడ మీకు దొరికేది పక్షుల కన్నా మనుషులు, రేపు మీకు రికమెండేషన్ లెటర్ రాసేది వాళ్లే.

గుంటూరు దగ్గర ఉన్నవాళ్లు ఉప్పలపాడు వెళ్లండి. ఊరి మంచినీళ్ల చెరువులో తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెట్టుకుంటాయి, ఊరివాళ్లే కాపలా. శ్రీకాకుళం వైపైతే తేలినీలాపురం, తేలుకుంచి. నెల్లూరు వైపు నేలపట్టు. సముద్రం పక్కన ఉంటే జనవరి నుంచి ఏప్రిల్ దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, ఫారెస్టు వాళ్లు, మత్స్యకారులు కలిసి గుడ్లని హేచరీలకి చేర్చుతుంటారు, రాత్రిళ్లు ఇసకలో నడిచే మనుషులు వాళ్లకి ఎప్పుడూ తక్కువే. వెళ్లినప్పుడు పక్షుల్ని, తాబేళ్లని ఎలాగూ చూస్తారు. ఊరివాళ్లని కూడా గమనించండి, ఎందుకు కాపాడుతున్నారు, ఎవరికి చిరాకు, చెరువు వేలం ఎవరు పాడారు. ఇవి కూడా నోటుబుక్కులో రాయండి.

ఒక్క పని మాత్రం చెయ్యొద్దు. యూట్యూబ్ చూసి పాము పట్టొద్దు. మొదటిది, ప్రాణం పోతుంది. రెండోది, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా పట్టడం నేరం. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటి వాళ్లు పద్ధతిగా శిక్షణ ఇస్తారు, వాళ్ల దగ్గర నెలల తరబడి బస్తా మోసిన తర్వాతే కర్ర ముట్టుకోవాలి. పాము మెళ్లో వేసుకుని సెల్ఫీ దిగినవాళ్లని మా టీముల్లో ఎవరూ తీసుకోరు, మీ పాత ఫొటోలు కూడా చూస్తాం.

చదువు, పరీక్షలు

సైన్స్ వైపు వెళ్లాలంటే రెండు పేర్లు ముందు. డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, 1982లో పెట్టింది, అక్కడ వైల్డ్‌లైఫ్ సైన్స్‌లో ఎమ్మెస్సీ. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ, అక్కడ వైల్డ్‌లైఫ్ బయాలజీ అండ్ కన్జర్వేషన్‌లో ఎమ్మెస్సీ, రెండేళ్లకోసారే తీసుకుంటారు కాబట్టి ఏ ఏడాది నోటిఫికేషనో ముందే చూసుకోండి. దీనికి జువాలజీయే చదివి ఉండాలని లేదు, ఇంజనీర్లు, పశువైద్యులు కూడా సీటు తెచ్చుకున్నారు. రెండింట్లోనూ సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఇంటర్వ్యూలో మార్కుల కన్నా మీరు ఏం చూశారో, చూసినదాని గురించి ఏం ఆలోచించారో గుచ్చి గుచ్చి అడుగుతారు, అప్పుడు ఆ చెరువు నోటుబుక్కు పనికొస్తుంది. తమిళనాడు మైలాదుత్తురైలో ఏవీసీ కాలేజీలో వైల్డ్‌లైఫ్ బయాలజీ ఉంది, దానికి పేరు తక్కువ, ఫీల్డు అనుభవం ఎక్కువ. హైదరాబాద్ వాళ్లకి గడప ముందే సీసీఎంబీ వారి లాకోన్స్ ఉంది, అత్తాపూర్‌లో, అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల మీద పనిచేసే ల్యాబు. మూషిక జింకల్ని జూతో కలిసి పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలిన పని అక్కడివాళ్లదే. ల్యాబు ఇష్టమైనవాళ్లు అడవి తిరగకుండానే ఇందులో పెద్ద పని చేయొచ్చని అది చూస్తే తెలుస్తుంది. ఇంటర్ తర్వాత నేరుగా ఫారెస్ట్రీ కావాలంటే సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్ కాలేజీ.

సర్కారు వైపు అయితే ఐఎఫ్ఎస్, అంటే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్. యూపీఎస్సీ ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే ఉంటుంది, మెయిన్స్ వేరు. జువాలజీ, బోటనీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, జియాలజీ, వెటర్నరీ వీటిలో ఒకటైనా డిగ్రీలో ఉండాలి, లేదా అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, ఇంజనీరింగ్ డిగ్రీ. అంటే బీకాం, బీఏ వాళ్లకి మామూలుగా దారి లేదు. వయసు 21 నుంచి 32, రిజర్వేషన్ సడలింపులు వేరే. మెయిన్స్ 1400 మార్కులు, ఇంటర్వ్యూ 300. ఈమధ్య ఏళ్లలో పోస్టులు దేశం మొత్తం మీద 150 అటూ ఇటూ. తెలుగు మీడియం పిల్లలు గమనించాల్సింది ఒకటుంది, సివిల్స్‌లా దీన్ని తెలుగులో రాయనివ్వరు, జవాబులన్నీ ఇంగ్లీషులోనే. ఇంకోటి, నడక పరీక్ష. మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 14. వినడానికి తేలికే, కానీ కోచింగ్ సెంటర్ కుర్చీలో రెండేళ్లు కూర్చున్న కాళ్లతో నడిచి చూడండి తెలుస్తుంది.

ఐఎఫ్ఎస్ ఒక్కటే ఉద్యోగం అనుకోవడం మన రోగం. ఏపీపీఎస్సీ, టీజీపీఎస్సీ రేంజర్, సెక్షన్ ఆఫీసర్, బీట్ ఆఫీసర్ పోస్టులు వేస్తాయి. శిక్షణ ఏపీలో రాజమహేంద్రవరం అకాడమీలో, తెలంగాణలో దూలపల్లిలో. నిజం చెప్పాలంటే అడవి ఉందా పోయిందా అన్నది తేలేది బీట్ ఆఫీసర్ దగ్గరే. మంచి బీటాఫీసర్ ఉన్నచోట ఉచ్చులు కనబడవు, అంత సూటి లెక్క.

వెటర్నరీ చదివినవాళ్లకి ఈ రంగంలో కరువే లేదు, పులికి మత్తు సూది వేయాలన్నా, ఊళ్లోకొచ్చిన ఎలుగుబంటిని బోనెక్కించాలన్నా వాళ్లే కావాలి. మ్యాపులు చేయడం, అంటే జీఐఎస్, వచ్చిన బీటెక్ వాళ్లకి పని ఉంది. లాయర్లకి ఉంది. అకౌంటెంట్లకి కూడా ఉంది, వెటకారం కాదు, విదేశీ నిధుల లెక్కలు సరిగా రాయగలిగిన మనిషి కోసం మేం కళ్లు కాయలు కాసేలా చూస్తుంటాం.

మొదటి ఫీల్డు ఉద్యోగం

జీతం తక్కువ. చిన్న సంస్థల్లో పదిహేను, ఇరవై వేలతో మొదలవుతుంది, నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకి 37 వేలు. "అనుభవం వస్తుంది కదా" అని జీతం లేకుండా ఏడాది చేయించుకునేవాళ్లూ ఉన్నారు, నాకూ అలాంటిది ఒకటి తగిలింది, ఆరు నెలలు నా సొంత డబ్బుతో బస్సెక్కి వెళ్లి పని చేస్తే చివరికి రిపోర్టులో పేరు కూడా పెట్టలేదు. రెండు వారాలు వాలంటీరుగా సరే. నెల దాటితే భోజనం, బస, ప్రయాణం, ఇన్సూరెన్సు ఎవరు పెట్టుకుంటారో కాగితం మీద అడగండి. సిగ్గుపడొద్దు.

ఆడపిల్లలు ఇంకో రెండు అడగాలి. టీములో ఇంకెవరైనా అమ్మాయిలున్నారా, బేస్ క్యాంపులో బాత్రూమ్ ఉందా. పది మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న ఏ సంస్థలోనైనా వేధింపుల ఫిర్యాదుల కమిటీ చట్టప్రకారం ఉండాలి, అందులో ఎవరున్నారో పేర్లు అడగండి, నీళ్లు నమిలితే అక్కడికి వెళ్లకండి. ఇంట్లో టెన్షన్ పడతారు, మా నాన్న రెండేళ్లు మాట్లాడలేదు. ఒకసారి ఆయన్ని క్యాంపుకి తీసుకెళ్లి మావాళ్లతో కలిపి అన్నం పెట్టించా, అప్పట్నుంచి బంధువుల దగ్గర నా కన్నా ఆయనే ఎక్కువ కోతలు కోస్తున్నాడు.

మొదటి పని చాలామందికి కెమెరా ట్రాపులే, అంటే జంతువు ముందు నుంచి వెళ్తే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు. దారికి రెండు పక్కలా రెండు కెమెరాలు, ఎందుకంటే పులి కుడిపక్క చారలు వేరు, ఎడమపక్క చారలు వేరు, రెండూ దొరికితేనే ఇది ఫలానా పులి అని చెప్పగలం. కెమెరా మోకాలి ఎత్తులో కట్టాలి. ఒకదాని ఫ్లాషు ఇంకోదాని కంట్లో పడకుండా కాస్త ఎడంగా జరపాలి. ముందున్న గడ్డి కొయ్యాలి, కొయ్యకపోతే గాలికి గడ్డి ఊగిన ఫొటోలు మూడు వేలు వస్తాయి. కట్టాక మీరే పులిలా నాలుగు కాళ్ల మీద దాని ముందు పాకాలి, ఎర్రలైటు వెలిగితే సరిగా పెట్టినట్టు. (ఇది చూసి మేకలు కాసే పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.) నేను చేసిన తప్పు చెప్తా. ఒకసారి బ్యాటరీలు మార్చి తేదీ సెట్ చేయడం మర్చిపోయా. నెల తర్వాత కార్డు తీస్తే పులి ఉంది, చిరుత ఉంది, రేచుకుక్కల గుంపు ఉంది, అన్నిటి మీదా ఎప్పుడో పాత సంవత్సరం తేదీ. ఆ చోటు లెక్కలన్నీ తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు బ్యాటరీ మార్చిన ప్రతిసారీ, పలక మీద తేదీ రాసి కెమెరా ముందు పట్టుకుని ఒక ఫొటో తీయిస్తా.

నల్లమలలో మీకు నిజమైన గురువులు చెంచులు. టైగర్ రిజర్వు బేస్ క్యాంపుల్లో వాచర్లుగా, ట్రాకర్లుగా ఎక్కువగా వాళ్లే ఉంటారు. మా టీముతో వచ్చిన ఒక పెద్దాయన మొదటి రోజే నన్ను ఆపి, "పైన ఏముందమ్మా, కింద చూడు" అన్నాడు. దారిలో దుమ్ములో ఒక అడుగు. నాకు పులి అడుగని తెలుస్తోంది, అంతవరకే. ఆయన వంగి, అడుగు అంచున సాలెపురుగు కట్టిన సన్నటి దారం చూపించాడు. "ఇది రాత్రిది. పురుగుకి ఇల్లు కట్టుకునే టైము దొరికింది చూడు" అన్నాడు. ఇంకో యాభై అడుగులు పోయాక ఇంకో అడుగు, అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి, లోపల ఎండుటాకు నలిగి ఉంది. ఆయన ఏం మాట్లాడలేదు, చెయ్యి వెనక్కి పెట్టి మమ్మల్ని ఆపేశాడు. ఆ రోజు ఆ దారిన ముందుకు పోలేదు మేం. రెండేళ్ల ఎమ్మెస్సీలో ఇది నాకెవరూ చెప్పలేదు, కాబట్టి అలాంటివాళ్ల పేరు మీ రిపోర్టులో, మీ పేరు ఉన్న పేజీలోనే పెట్టండి, చివర్లో కృతజ్ఞతల్లో ఇరికించకుండా.

నాయకత్వం అని దేన్నంటారంటే

ఐదారేళ్లు గడిచాక మీ కింద పది మంది ఉంటారు, అప్పుడు అసలు కష్టం మొదలవుతుంది. వాచర్ల జీతాలు ఆలస్యమయ్యే చోట్లు నేను చాలా చూశా. మూడు నెలలు జీతం రాని వాచరు, నిప్పు కనబడితే పరిగెత్తుతాడా? మీరు లీడర్ అయితే ప్రతి నెలా ఒకటో తారీఖు మీరు చూడాల్సిన మొదటి కాగితం వాళ్ల జీతాలదే, పులుల లెక్క ఆ తర్వాతే.

ఊరివాళ్లతో మీటింగు పెట్టాలంటే కొన్ని పట్టింపులుంటాయి. పాలు పిండే వేళ, నాట్ల కాలం, ఎన్నికల నెల వద్దు. మీకు కుర్చీ వేసి వాళ్లు కింద కూర్చుంటే మీరూ కిందే కూర్చోండి. ప్రొజెక్టరు తీసుకెళ్లకండి. మొదటి మీటింగులో మీరు ఏమీ చెప్పొద్దు, అడగండి, అంతే. వాళ్లు చెప్పేది మీకు సంబంధం లేనట్టే ఉంటుంది, రోడ్డు, పింఛను, పోడు పట్టా, పందులు తొక్కిన వేరుశెనగ. అన్నీ రాసుకోండి, అందులో ఒక్కటంటే ఒక్కటి మీ చేతిలో అయ్యేది చేసి పెట్టండి.

నాకు తెలిసి అన్నిటికన్నా పనికొచ్చేది నష్టపరిహారం ఫైలు. పులి ఆవుని చంపితే రైతుకి ప్రభుత్వం డబ్బిస్తుంది. కానీ కళేబరాన్ని చచ్చినచోటే ఉంచాలి, వెంటనే బీటాఫీసర్‌కి ఫోన్ చేయాలి, ఫొటోలు, పశువుల డాక్టరు కాగితం, బ్యాంకు పాస్‌బుక్ కావాలి. ఇవేవీ తెలియక, తెలిసినా ఆఫీసు చుట్టూ తిరగలేక, రైతు కడుపుమంటతో కళేబరంలో గుళికల మందు కలిపాడనుకోండి, పులి రెండో రోజు తిరిగొచ్చి అదే తింటుంది. పులి పోతుంది, పిల్లలుంటే అవీ పోతాయి. మహారాష్ట్రలోని తడోబా అడవి నుంచి కాగజ్‌నగర్ వైపు దాటి వచ్చే పులులకి దారి పొడుగునా ఉన్నవి పశువులు, పత్తిచేలే కాబట్టి అక్కడ ఇది ఇంకా ముఖ్యం. ఒక్క రైతు ఫైలు మీరు దగ్గరుండి పూర్తిచేయించి, డబ్బు అకౌంట్లో పడేదాకా వెంటపడితే, ఆ ఊళ్లో మీకు ఇక మీటింగులు పెట్టాల్సిన పనే ఉండదు, వాళ్లే ఫోన్ చేస్తారు.

డిపార్ట్‌మెంటుతో తగాదా పెట్టుకోకండి, అలాగని భజన కూడా చెయ్యకండి. తప్పు కనబడితే ముందు రేంజర్‌కి, కాగితం మీద, తేదీతో. ఫేస్‌బుక్‌లో పెట్టేది ఆఖరున. పర్మిషన్ లేకుండా ఒక్క అడుగు కూడా అభయారణ్యంలో వేయకండి, ఒకసారి దొరికితే ఆ డివిజన్‌లో మీ పేరు చెప్పుకోవడానికి పదేళ్లు పడుతుంది.

సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనుకుంటే ఒక జాతి, ఒక తాలూకా, ఐదేళ్లు. అంతకన్నా పెద్దగా రాస్తే నిధులిచ్చేవాళ్లు నమ్మరు. రఫర్డ్ ఫౌండేషన్ వాళ్లు కొత్తవాళ్లకి చిన్న గ్రాంట్లు ఇస్తారు, మనవాళ్లకి చాలామందికి అదే మొదటి డబ్బు. పులి మీద ఇప్పటికే వంద మంది ఉన్నారు. అలుగు (ఒంటి నిండా పొలుసులుండే పంగోలిన్) మీద, కోరింగ మడల్లో నీటిపిల్లి (చేపలు పట్టే అడవిపిల్లి) మీద, తూర్పు కనుమల కప్పల మీద కూర్చున్నవాళ్లు తక్కువ, పేరు తెచ్చుకోవాలన్నా అక్కడే చోటుంది.

ఇక పని అడుగుతూ మెయిల్ ఎలా రాయాలో చెప్పి ఆపేస్తా, ఎందుకంటే మీరు పంపేవి చూస్తే నాకు ఏడుపొస్తుంది. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ ప్యాషనేట్" తో మొదలుపెట్టొద్దు, మేడమ్‌కి పంపేటప్పుడైనా సర్ తీసేయండి. మొదటి వాక్యంలో మీరెవరు, ఏ నెల నుంచి ఏ నెలదాకా ఖాళీ. రెండో వాక్యంలో ఇప్పటిదాకా చేసింది, ఉదాహరణకి, "మా ఊరి చెరువులో పద్నాలుగు నెలలుగా పక్షులు లెక్కపెడుతున్నా, 110 లిస్టులు, లింకు ఇదిగో." మూడోదాంట్లో మీకు వచ్చిన భాషలు. తెలుగుతో పాటు హిందీ, లంబాడీ, గోండి, కోయ ఏది వచ్చినా రాయండి, అది మీ డిగ్రీ కన్నా విలువైనది. బైక్ నడపడం వచ్చా, ఈత వచ్చా, అదీ రాయండి. సీవీ ఒక పేజీ. మే, జూన్‌లలో పంపితే ఎవరూ చూడరు, కెమెరా సీజన్ చలికాలంలో మొదలవుతుంది కాబట్టి మనుషుల కోసం వెతికేది సెప్టెంబర్, అక్టోబర్‌లలో. జవాబు రాకపోతే రెండు వారాలాగి మళ్లీ ఒకసారి రాయండి, ఈసారి ఇంకా చిన్నగా.